రోసెట్టా రాయి చెప్పని ఫారో

రోసెట్టా రాయి అనగానే మూడు లిపులు, షాంపోలియన్, 1822... క్విజ్‌లో ఒక మార్కు గ్యారంటీ. మరి ఆ రాయి మీద అసలేం రాసుందో ఎప్పుడైనా చూశారా?

నేను అనువాదం చదివాను. క్రీ.పూ. 196లో మెంఫిస్‌లో పూజారులంతా కూడి, ఇంకా మీసాలైనా సరిగా రాని గ్రీకు రాజు ఐదో టాలమీని ఆకాశానికెత్తేశారు. పన్నులు తగ్గించాడట, గుళ్లకు దానాలిచ్చాడట, లైకోపోలిస్ కోటలో చేరిన తిరుగుబాటుదారులను పట్టి శిక్షించాడట. ఆ ఓడినవాళ్లలో ఒక్కడి పేరు కూడా చెక్కలేదు.

అదే సమయంలో దక్షిణాన ఇంకో ఫారో ఉన్నాడు. ఆ సంగతి రాయి మీద లేదు!

కథ క్రీ.పూ. 217లో మొదలైందనుకోవచ్చు. రఫియా యుద్ధానికి సైన్యం చాలక, నాలుగో టాలమీ 20,000 మంది ఈజిప్షియన్లకు బల్లేలిచ్చి గ్రీకు పద్ధతిలో తర్ఫీదు ఇప్పించాడు. గెలిచాడు. కానీ ఆ గెలుపుతో వాళ్లకు తమ బలం తెలిసొచ్చిందని, ఇక ఆజ్ఞలకు తలొంచలేదని గ్రీకు చరిత్రకారుడు పాలిబియస్ రాశాడు. రాజు తన నెత్తిన తానే చెయ్యి పెట్టుకున్నాడన్నమాట.

క్రీ.పూ. 205 ప్రాంతంలో థీబ్స్‌లో హోర్‌వెన్నెఫెర్ ఫారో అయ్యాడు. 199 ప్రాంతం నుంచి అంఖ్‌వెన్నెఫెర్ పేరు కనిపిస్తుంది. రెండోవాడు లెక్కను ఒకటో ఏడు నుంచి మొదలుపెట్టకుండా మొదటివాడి లెక్కనే కొనసాగించాడు. అందుకే ఇద్దరూ ఒకరేనని, పేరు మాత్రమే మారిందని కొందరు పండితులంటారు. వెన్నెఫెర్ అంటే ఒసిరిస్ దేవుడు. ‘అంఖ్’ చేరిస్తే ఆ దేవుడు బతికే ఉన్నాడని అర్థం. దెబ్బతిన్న రాజు పెట్టుకునే పేరులాగే ఉంది కదా!

వీళ్ల గురించి మనకు తెలిసేది ఎక్కువగా ఒప్పంద పత్రాల వల్లే. ఫలానా ఫారో ఫలానా ఏడు అని పైన తేదీ వేసేవారు. నాకు బాగా నచ్చింది మాత్రం అబిడోస్ గుడి గోడ మీది రాత. అక్కడ ఎవరో హోర్‌వెన్నెఫెర్ పేరును ఈజిప్టు భాషలోనే, కానీ గ్రీకు అక్షరాల్లో గీశారు. శత్రువు లిపిలో సొంత రాజు పేరు!

క్రీ.పూ. 186లో కొమానోస్ అనే సేనాని అంఖ్‌వెన్నెఫెర్‌ను ఓడించి బందీగా పట్టుకున్నాడు. అతని కొడుకు యుద్ధంలో పోయాడు. దాదాపు 20 ఏళ్లు ఆగిపోయిన ఎడ్ఫు గుడి పని మళ్లీ మొదలైంది. పారిపోయిన రైతులను ఊళ్లకు రమ్మంటూ రాజు క్షమాభిక్ష ప్రకటించాడు. ప్రేమతో కాదు, పొలం దున్నకపోతే పన్నెక్కడిది? తర్వాతి కాలపు ఒక పపైరస్‌లో ఆ అల్లర్ల ప్రస్తావన వస్తుంది: జనంలో చాలామంది చచ్చిపోయారు, భూమి ఎండిపోయింది.