నిగ్రహించుకోమని ఎవరికి చెబుతున్నారు?

పెళ్ళయ్యేదాకా నిగ్రహంగా ఉండమని చెబితే చాలు, బళ్ళో లైంగిక విద్య ఎందుకు అంటారు మన సంస్కృతీ పరిరక్షకులు. నేను అడిగేది ఒకటే: ఈ నీతి ఎవరికి?

కేంద్రం 2005లో కౌమార విద్యా కార్యక్రమం మొదలుపెట్టింది. 2007లో మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, గుజరాత్, కర్ణాటక వగైరా రాష్ట్రాలు దాన్ని బళ్ళలోంచి గెంటేశాయి. బొమ్మలు అసభ్యంగా ఉన్నాయట! 2009లో మన వెంకయ్యనాయుడు గారి అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ అసలు బళ్ళలో లైంగిక విద్యే వద్దంది. పెళ్ళికి ముందు శృంగారం కూడదనే సందేశం మాత్రం పాఠాల్లో ఉండాలంది. ఎయిడ్స్ గురించి ఇంటర్ స్థాయి జీవశాస్త్రంలో చెప్పుకోవచ్చునట. పదో తరగతి లోపే చదువు మానేసిన పిల్లలకి ఎవరు చెబుతారో!

దీన్ని 'మన సంస్కృతి' అంటే నాకు నవ్వొస్తుంది. ఇదే పాఠాన్ని అమెరికాలో చర్చి వర్గాలు పట్టుబట్టి బళ్ళలో పెట్టించాయి. 1996 నాటి సంక్షేమ చట్టం కింద అక్కడి ప్రభుత్వం దానికి ఏటా 5 కోట్ల డాలర్లు కేటాయించింది. ఆ ప్రభుత్వమే చేయించిన పరిశీలన 2007లో బయటికొచ్చింది. రెండు వేల పైచిలుకు పిల్లల్ని లాటరీ పద్ధతిలో విడదీసి, కొందరికి ఈ పాఠం చెప్పారు, కొందరికి చెప్పలేదు. కొన్నేళ్ళ తర్వాత చూస్తే రెండు గుంపుల్లోనూ సగం మందే నిగ్రహంగా ఉన్నారు. మిగతావాళ్ళ తొలి అనుభవం సగటున 14.9 ఏళ్ళకి. రెండు గుంపుల్లోనూ అంతే! మందు ఇలా పనిచేస్తే డాక్టరు రాయడం మానేస్తాడు. నీతిబోధకి ఆ పరీక్ష లేదు కాబోలు.

అయినా నా అసలు అభ్యంతరం అది కాదు. అదే 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడి నివేదిక వేసింది. 53 శాతం మంది ఏదో ఒక రకం లైంగిక వేధింపుకు గురయ్యామన్నారు. ఎక్కువగా బయటపడ్డ రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ పని చేసినవాళ్ళలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్ళు, వాళ్ళు నమ్మినవాళ్ళు. చాలామంది పిల్లలు ఎవరికీ చెప్పుకోలేదు.

బాబాయి చెయ్యి వేస్తే నిగ్రహించుకోవాల్సింది ఎవరు? పిల్లా? నిగ్రహం పాఠం ఒక్కటే విన్న పిల్ల తప్పు తనదేననుకుంటుంది, నోరు విప్పదు. విప్పినా ఏ మాటల్లో చెబుతుంది? (ప్రత్యుత్పత్తి పాఠం రాగానే 'ఇంటి దగ్గర చదువుకోండి' అనే సైన్సు మాస్టార్లు మనందరికీ తెలుసు.) 2012లో పోక్సో చట్టం తెచ్చుకున్నాం. ఒంటి భాగాల పేర్లు కూడా నేర్పని పిల్ల పోలీసుల ముందు ఏం చెప్పాలి?

ఇక పెళ్ళి సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ళ స్త్రీలలో 29 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్ళయింది. పెళ్ళిదాకా ఆగడమే పరీక్షయితే వీళ్ళు పాసైనట్టే మరి! గర్భం ఎలా వస్తుందో, ఎలా వాయిదా వెయ్యాలో వాళ్ళకి ఎవరైనా చెప్పారా? పద్దెనిమిది నిండని భార్యతో కలయిక, మొగుడైనా సరే, అత్యాచారమేనని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది. తొమ్మిదో తరగతిలో మెళ్ళో తాళి పడ్డ పిల్లకి ఈ సంగతి ఏ నిగ్రహం పాఠంలో ఉందో చూపించమనండి.