జెనిసిస్‌ను చంపినదెవరు?

1975లో పీటర్ గేబ్రియల్ నిష్క్రమణతోనే జెనిసిస్ బృందపు ప్రాణం పోయిందనీ, ఆ పాపం మైకు పుచ్చుకున్న డ్రమ్మరు ఫిల్ కాలిన్స్‌దేననీ రాక్ ప్రియులు నేటికీ వల్లె వేస్తుంటారు. ఈ వాదనకు కళ్ళున్నాయి గాని చెవులు లేవు. వేదికపై గేబ్రియల్ ధరించిన నక్క తల, పూరేకుల ముసుగు కనబడకపోయేసరికి సంగీతమే పోయిందనుకున్నారు!

1976 నాటి 'ఎ ట్రిక్ ఆఫ్ ద టెయిల్' వినండి. అవే పన్నెండు తీగల గిటార్లు, అదే మెలోట్రాన్, అవే బేసి లెక్కల నడకలు. 'రిపుల్స్' ఒక్కటే ఎనిమిది నిమిషాలు. గొంతు మారింది, బాణీ మారలేదు. బాణీ మారినది 1977లో గిటారిస్టు స్టీవ్ హాకెట్ తప్పుకున్నాక. ఆయన వ్యవస్థాపకుడు కాడు, 1971లో వచ్చి చేరినవాడు.

వ్యవస్థాపకుడు వెళ్ళడమే కొలమానమైతే, 1970లోనే వెళ్ళిన ఆంథొనీ ఫిలిప్స్ కోసం విలపించినవారెవరు? 2022 లండన్ ఆఖరి కచేరీ దాకా నిలిచిన టోనీ బ్యాంక్స్, మైక్ రూథర్‌ఫర్డ్ కూడా వ్యవస్థాపకులే కదా! పాటలు కురచ కావడంలో వారి ఇష్టానికి లెక్కే లేదా?

ఇక అందరూ ఈసడించే ఆ ఎనభైల డ్రమ్ముల మోత. ప్రతిధ్వనిని ఉన్నట్టుండి తెగగోసే ఆ శబ్దం పేరుపొందినది గేబ్రియల్ సొంత ఆల్బమ్‌లోనే, 1980లో, 'ఇన్‌ట్రూడర్' పాటతో. సింబల్స్ వద్దన్నది గేబ్రియల్, వాయించినది (ఇంకెవరు?) కాలిన్స్. 1986లో అమెరికాలో 'ఇన్విజిబుల్ టచ్'ను మొదటి స్థానం నుంచి దించినది కూడా గేబ్రియల్ 'స్లెడ్జ్‌హామర్' పాటే. దానికి చిందులు వేసినవారే కాలిన్స్‌ను బజారు గాయకుడంటారు.