దిగుబడి లెక్క వేరు, మిగులు లెక్క వేరు



ధర్మవరము తట్టు నుండి ఒక సహోదరి వ్రాసిన ఉత్తరము రెండు నెలలుగా మా బల్లమీదనే ఉన్నది. జవాబు వ్రాయడానికి చేతులు ఆడలేదు. వారికి తొమ్మిది ఎకరముల మెట్ట, ఒక ఆవు, నాలుగు మేకలు, బడికి పోయే పిల్లలు ఇద్దరు. “అన్నయ్యా, వదినా, మేము ఒళ్ళు దాచుకోకుండా కష్టపడుతున్నాము. పంట పండిన ఏడు కూడా అప్పు తీరడము లేదు. మూడెకరాలు అమ్మి తీర్చివేద్దామని ఆయన అంటున్నారు. నాకు మనసు ఒప్పడము లేదు. మీరేమంటారు?” అని అడిగారు. ఆమె పేరు గాని, ఊరు గాని ఇక్కడ వ్రాయము. ఆ ఉత్తరము చదివితే అది మా ఇంటిలో నుండే వచ్చినట్లున్నది. గనుక ముందు మా సంగతి చెప్పుకొని, తరువాత ఆమె ప్రశ్నకు వస్తాము.

మాది కూడా అనంతపురము సీమ ఎర్రనేలే. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదైనా అడిగినప్పుడు రాదు, వద్దన్నప్పుడు వస్తుంది. మా పెద్దల కాలములో జొన్న, కొర్ర, కంది, అలసంద, ఆముదము అన్నీ ఒకే పొలములో కనబడేవి. వేరుశనగకు ధర వచ్చిన తరువాత అవన్నీ ఒక్కొక్కటిగా పోయాయి. మేమును అదే దారిన పోయాము. 2009లో మాకున్న ఎనిమిదెకరాలలోను గట్టు నుండి గట్టు వరకు వేరుశనగే వేశాము. ట్రాక్టరు బాడుగకు దొరుకుతున్నది గదా అని ఎడ్లను అమ్మివేశాము. మేత లేదని ఆవులను కూడా అమ్మాము. 2011లో అప్పు చేసి బోరు వేయించాము. రెండు చోట్ల తవ్వినా దుమ్మే లేచింది. అరువుకు విత్తనాలు, మందులు ఇచ్చే అంగడివారికే కాయలు తూచి ఇవ్వాలి, ధర వారు చెప్పినదే. ఆ రోజులలో ఎవరైనా “ఎకరాకు ఎన్ని మూటలు అయినవి?” అని అడిగితే గర్వముగా చెప్పేవారము. ఎంత మిగిలింది అని ఎవరూ అడగలేదు, మేము కూడా అడుగుకోలేదు.

2012 వేసవిలో పిల్లవాని పాత నోటు పుస్తకములో మిగిలిన కాగితములు తీసి లెక్క వ్రాయడము మొదలుపెట్టాము. ఒక ప్రక్క చేతినుండి పోయినది, రెండవ ప్రక్క ఇంటికి వచ్చినది. నగదు మాత్రమే కాదు. ఇంటిలో త్రాగిన పాలు, వండుకొన్న పప్పు, పశువుకు వేసిన కట్టె, పొయ్యిలోకి వచ్చిన కంది కంప, వీటికి కూడా అంగడి ధర వేసి వ్రాశాము. పొలములో మేమిద్దరము చేసిన పనికి కూలి కూడా వ్రాశాము. ఇంటి ఆడవారి పనికి కూలి వ్రాసినప్పుడు ఒక చిన్న మాటల పోరాటము జరిగింది, అది ఇక్కడ అనవసరము.

ఆ పుస్తకము మా కన్నులు తెరిచింది. ఖర్చులో పెద్దది మేమనుకున్నట్లు ఎరువు కాదు, విత్తనము. వేరుశనగకు ఎకరాకు 60 కిలోలకు పైగా గింజలు కావాలి. కొర్రకు రెండు కిలోలు చాలును. జొన్నకు నాలుగు కిలోలు. అంటే వేరుశనగ వేసినవాడు వాన పడకముందే పెద్ద సొమ్ము మట్టిలో పోసి ఆకాశము వైపు చూస్తాడు. రెండవ పెద్ద ఖర్చు వడ్డీ. నూటికి రెండు రూపాయలు అంటే చెవికి తక్కువగా వినబడుతుంది. అది నెలకు గనుక ఏటికి 24 శాతము. పదివేల రూపాయల విత్తనము ఆరు నెలల అరువుకు తెస్తే 1,200 రూపాయలు వడ్డీకే పోతుంది. బ్యాంకులో పంట రుణము తీసికొని గడువులోగా కట్టినవారికి ఏటికి 4 శాతమే పడుతుంది. పాసు పుస్తకము పెట్టెలో పెట్టుకొని అంగడి అరువుకు పోయినవారము మేమే.

అప్పటినుండి మా ఆలోచన తిరిగింది. దిగుబడి పెంచడము కన్న, బయట కొనేది తగ్గించడము మా చేతిలో ఉన్న పని. అయితే ఊరికే కొనడము మానివేస్తే పంట కూడా పోతుంది. కొనేదానికి బదులు పొలములోనుండే ఏదో ఒకటి రావాలి. పంటకు పశువు, పశువుకు పంట కావాలని మాకు అప్పుడు తెలిసింది. మా తాతలకు తెలియనిదా! మేము మరచిపోయి డబ్బిచ్చి మళ్ళీ నేర్చుకొన్నాము.

మొదట వేరుశనగను నాలుగెకరాలకు తగ్గించి, ఏడు సాళ్ళకు ఒక సాలు కంది పెట్టాము. వేరుశనగ మూడున్నర నెలలలో లేచిపోతుంది. కంది ఇంకా నిలిచియుండి, లోతు వేళ్ళతో అడుగున ఉన్న తేమను తీసికొని చివరి వానలకు పూస్తుంది. వ్యవసాయ శాఖవారు ఎన్నో ఏండ్లుగా చెప్పుచున్న మాటే ఇది. రెండు పప్పుజాతి పంటలు గనుక గాలిలోని నత్రజనిని వేళ్ళ బుడిపెలలో పట్టుకొంటాయి. కంది రాల్చిన ఆకు నేలకు అదనము. పొలము చుట్టు నాలుగు సాళ్ళు జొన్న, అక్కడక్కడ ఆముదపు మొక్కలు పెట్టాము. ఇది అందము కొరకు కాదు. 2000 సంవత్సరములో మా జిల్లాలో వేరుశనగకు కాండము కుళ్ళు వైరస్ తెగులు వచ్చి పొలాలకు పొలాలే ఎండిపోవడము పెద్దలకు జ్ఞాపకముండును. ఆ వైరస్ వయ్యారిభామ మొక్కలలో దాగియుంటుంది. తామర పురుగులు దానిని మోసికొని వస్తాయి. చుట్టు జొన్న ఎత్తుగా ఉంటే పురుగు లోపలికి రావడము తగ్గుతుంది. వయ్యారిభామను పూత రాకముందే పీకివేస్తే ఇంకా మేలు. దీనికి ఒక్క రూపాయి అవసరము లేదు, ఒక వారము రోజులు పొద్దున్నే నడుము వంచితే చాలు. ఆముదము సంగతి ఏమంటే, లద్దె పురుగు తల్లి దాని ఆకులమీద గ్రుడ్లు పెట్టుటకు ఇష్టపడుతుంది. ఆ ఆకులు త్రుంచి కాల్చివేస్తాము. ఈ పని మా చిన్నపిల్ల బాగుగా చేసేది, ఆకుకు పావలా ఇచ్చేవారము.

మిగిలిన భూమిలో కొర్రయు కందియు అయిదు సాళ్ళకు ఒకటి చొప్పున వేశాము, ఒక ఎకరా జొన్న. తరువాత ఒక ఆవును, ఆమె ద్వారా ఇంకొక ఆవును సంపాదించుకొన్నాము. ఎడ్లను మాత్రము మళ్ళీ కొనలేదు. ఎనిమిదెకరాలకు సంవత్సరములో కొద్ది రోజుల పనికి ఒక జతను పన్నెండు నెలలు మేపడము మా లెక్కకు కుదరలేదు. దున్నకానికి మా బావమరిది జతను అడుగుతాము, బదులు వారికి కట్టె ఇస్తాము. ఎడ్లే ఉండాలని పట్టుపట్టేవారితో మేము ఏకీభవించము. ఎవరి పుస్తకము వారు చూచుకోవాలి.

పేడ సంగతి కొంచెము నిదానముగా చెప్పాలి. చాలమంది ఇండ్లలో పేడ దిబ్బ ఎండలో ఆరిపోతూ ఉంటుంది, అందులోని నత్రజని గాలికి పోతుంది. మేము చెట్టు నీడన గొయ్యి తీసి, కొట్టములో పరచిన చెత్త మూత్రములో తడిసిన తరువాత పేడతో కలిపి పొరలుగా వేసి, పైన మట్టి కప్పుతాము. మంచి పశువుల ఎరువులో నూటికి అర పాలు నత్రజని ఉంటుంది. అంటే టన్నుకు అయిదు కిలోలు. యూరియా 45 కిలోల బస్తాలో సుమారు 20 కిలోల నత్రజని. గనుక నాలుగు టన్నుల ఎరువు, బండికి అర టన్ను అనుకొంటే ఎనిమిది బండ్లు, ఒక యూరియా బస్తాతో సమానము. ఎనిమిది బండ్లకు ఒక్క బస్తాయా అని మీరు నవ్వవచ్చు. మేమును నవ్వుకొన్నాము. కాని బస్తాలో నత్రజని ఒక్కటే ఉంది. బండిలో భాస్వరము, పొటాషు, సూక్ష్మ పోషకములు, అన్నిటికి మించి నీటిని పట్టియుంచే మెత్తదనము ఉంది. ఎర్ర ఇసుక నేలకు అదే ప్రాణము. వేసవిలో గొర్రెలవారిని పిలిచి మంద కూడా కట్టిస్తాము. వారికి జొన్నలు కొలిచి ఇస్తాము.

2018లో మా సీమను కరువు పట్టింది. ఆ సంవత్సరమే మాకు నిజమైన పరీక్ష. వేరుశనగ ఊడలు దిగే సమయములో వాన లేదు. కాయ నిలువలేదు. ముందటి పద్ధతిలో ఉంటే ఆ ఏడే ఇల్లు విడిచి బెంగుళూరు పోయియుందుము. కొర్ర ఎనభై రోజుల పంట, అది కొంత చేతికి వచ్చింది. కంది అక్కడక్కడ కాసింది. కాయ లేని వేరుశనగ కట్టె అంతా ఆవులకు మేత అయింది, పాలు ఆగలేదు. నష్టము రాలేదని చెప్పము, వచ్చింది. అయితే అరువు లేదు గనుక ఆ నష్టము ఆ సంవత్సరముతోనే ముగిసింది, వచ్చే సంవత్సరపు తలమీద కూర్చోలేదు.

ఇందులో కష్టము లేదని అనుకోవద్దు. కొర్రకు పిచ్చుకల బెడద. దానిని దంపించడము ఇంకా బెడద. మర దగ్గరలో లేని ఊరివారు ముందుగా ఆలోచించుకొనవలెను. 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ఐక్యరాజ్య సమితి జరిపినప్పుడు పట్నములో ధర పెరిగింది. మా ఊరికి ఆ ధర అంతా రాలేదు. ప్రకృతి వ్యవసాయము చేయించేవారు, అనగా రైతు సాధికార సంస్థవారు 2016 నుండి నడిపించుచున్న కార్యక్రమములోని సిబ్బంది, జీవామృతము చేయడము మాకు నేర్పారు. 200 లీటర్ల నీటికి పది కిలోల పేడ, పది లీటర్ల మూత్రము, రెండు కిలోల బెల్లము, రెండు కిలోల పప్పు పిండి, గట్టుమీది పిడికెడు మట్టి. ఖర్చు తక్కువ, నిజమే. కాని పీపాలు కలిపేది, మోసేది ఎవరు? ఎక్కువ ఇండ్లలో ఆ ఇంటి ఇల్లాలే. ఆ శ్రమ పుస్తకములో వ్రాయకపోతే ఆ లాభము అబద్ధపు లాభమే. జహీరాబాదు ప్రాంతములో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘముల స్త్రీలు ఒక్క చిన్న చెక్కలో ఇరవై రకముల వరకు కలిపి విత్తుతారు. 2019లో వారికి ఈక్వేటర్ బహుమానము కూడ వచ్చింది. వారి పద్ధతిలో మాకు బాగా నచ్చిన సంగతి, ఏమి విత్తాలో, ఎంత దాచాలో ఆ స్త్రీలే నిర్ణయించడము.

ఇప్పుడు ఆ సహోదరి ప్రశ్న.

అమ్మా, మేము దాచము. 2013లో మేమును ఒక ఎకరా అమ్మాము. బోరు అప్పు తీర్చడానికి. ఆ గట్టు మీదుగా నడిచినప్పుడు ఇప్పటికి కూడా తల వంచుకొంటాము, అయితే ఆ పని తప్పని మేము అనుకోవడము లేదు. మీ అప్పు ఎంతో మీరు వ్రాయలేదు. మూడు లక్షలు, నూటికి రెండు వడ్డీ అనుకొందాము. ఏటికి 72,000 రూపాయలు వడ్డీయే అవుతుంది. తొమ్మిదెకరముల మెట్టలో తినగా ప్రతి ఏటా అంత మిగులుతుందా? మిగలకపోతే పంట ఎంత పండినా ఆ అప్పు తీరదు. మీ ఇంటాయన భయము వెనుక ఉన్నది ఈ లెక్కే, ఆయన మీద కోపపడవద్దు.

అయితే మూడెకరాలు ఒక్కసారే అమ్మే ముందు రెండు పనులు చేయండి. పాసు పుస్తకములు తీసికొని ఇద్దరు కలిసి బ్యాంకుకు వెళ్ళి, వచ్చే కారు నుండి విత్తనము, ఎరువు అరువుకు కాక పంట రుణముతో తెచ్చుకొనే ఏర్పాటు చేసికొనండి. రెండవది, పోయిన సంవత్సరము లెక్క ఇద్దరు కూర్చొని వ్రాయండి. పాలు, పప్పు, కట్టె, మీ కూలి, ఏదియు విడువకండి. అప్పుడు ఎన్ని ఎకరాలు అమ్మాలో, అసలు అమ్మాలో వద్దో ఆ కాగితమే చాలమట్టుకు చెప్తుంది. ఒక ఎకరాతో ముగిసే పనికి మూడెకరాలు పోనివ్వకండి. ఆ కాగితము నకలు మాకు పంపితే మేమును చూచి తెలియజేస్తాము.

అంతవరకు ఆవును మాత్రము అమ్మకండి.