వజ్రపు సానరాయి ఎవరికి కావాలి?

పదునైన కత్తి పెట్టినచోట దిగుతుంది. మొద్దు కత్తి జారుతుంది. వంకాయ మీద బలం పెట్టి నొక్కినప్పుడే చేయి తెగేది. అందుచేత ప్రతి ఇంటా ఒక సానరాయి ఉండవలసిందే. ఏ రాయి అన్నదే ప్రశ్న. ఇప్పుడు అంగళ్ళలో వజ్రపు రాళ్ళు కూడ దొరుకుతున్నవి గనుక, ఈ నెల వాటి సంగతి చూతము.

పేరు విని బెదరనక్కరలేదు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనులలో దొరికిన వజ్రాలకూ దీనికీ వేలు విడిచిన చుట్టరికమే. 1954 డిసెంబరులో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ వారు విపరీతమైన వేడితో, ఒత్తిడితో యంత్రంలోనే వజ్రం తయారుచేశారు. అటు తరువాత వజ్రపు పొడి ఫ్యాక్టరీ సరుకైపోయింది. ఆ పొడిని ఉక్కు పలక మీద ఒక్క వరుసగా నికెల్ పూతతో పట్టిస్తే మన వజ్రపు రాయి అవుతుంది.

మన వైపు చిరకాలంగా వాడుకలో ఉన్నది కార్బొరండం రాయి. కార్బొరండం యూనివర్సల్ కంపెనీ మద్రాసులో మొదలైనదీ 1954 లోనే. ఆ రాయి చవక. ఇంటి కత్తులకు చాలును. లోపమల్లా, వాడగా వాడగా నడుమ గుంట పడుతుంది. గుంట పడ్డ రాతి మీద ఉలి అంచు తిన్నగా రాదు. వజ్రపు పలకకు ఆ బాధ లేదు, పనీ త్వరగా తెములుతుంది. ఆవడి ఫ్యాక్టరీలలో పనిచేసిన వారికి కార్బైడు ముక్క పొదిగిన పనిముట్లు తెలుసును గదా. వాటికి చేతితో పదును పెట్టాలంటే వజ్రమే తగినది.

కొనేటప్పుడు మొదట చూడవలసినది గ్రిట్టు నంబరు. నంబరు పెరిగేకొద్దీ రవ్వ సన్నమవుతుంది. సుమారుగా 325 అంటే 45 మైక్రాన్లు. అంచు లొట్టలు పడినప్పుడు ఇది. 600 అంటే 25 మైక్రాన్లు. వంటింటి కత్తికి ఇది చాలు. 1200 అంటే 9 మైక్రాన్లు. ఉలికి నునుపు తెచ్చేది. ఒక కంపెనీ నంబరు మరొక కంపెనీ నంబరుతో సరిపోదు గనుక, మైక్రాన్లు కూడ అచ్చువేసిన పలకను తీసుకోవడం మేలు. తరువాత స్టీలు స్కేలును పలక మీద నిలబెట్టి వెలుతురుకేసి చూడండి. సందు కనబడితే తిరిగి ఇచ్చివేయండి.

మనం కత్తిపీట అన్నా, పక్కింటి వారు అరువామణై అన్నా, దాని వంపు ఒకటే. బల్లపరుపు పలక మీద దానిని నూరడం కుదరదు. పిడి ఉన్న చిన్న వజ్రపు పలక తీసుకొని, రాతినే కత్తి దగ్గరకు తీసుకుపోవాలి. పీట కదలకూడదు; వేళ్ళు పిడి దాటి రాకూడదు.

నూరేటప్పుడు నాలుగు చుక్కల నీళ్ళు చాలు, నూనె అక్కరలేదు. బలం పెట్టవద్దు, నికెల్ పూతలో నుంచి ఊడిన రవ్వ మళ్ళీ రాదు. కొత్త పలక మొదట మరీ గరుకుగా తోచి, కొన్నాళ్ళకు సర్దుకుంటుంది. పని కాగానే పలకను కడిగి ఆరబెట్టండి. కత్తిని కూడ కడిగిన తరువాతే కూర తరగండి. ఉక్కు పొడి కూరలో పడరాదు.

మాకు తోచినది ఇది. రెండు కత్తులున్న ఇంటికి కార్బొరండం రాయి చాలు. కత్తిపీట వాడేవారు పిడి ఉన్న చిన్న పలక కొనుక్కోవచ్చు. ఉలులూ బాడిసెలూ ఉన్నవారికి పెద్ద వజ్రపు పలక పెట్టిన డబ్బుకు తగినదే. కత్తెరలకు మాత్రం ఏ రాయీ ఇంట్లో ముట్టించకండి. రెండు రేకుల లోపలి ముఖాలూ ఒకదానినొకటి ఒరుసుకుంటేనే గుడ్డ తెగేది. అక్కడ రాయి పెడితే కత్తెర చెడుతుంది. వీధిలో సాణై అని కేక వినబడినప్పుడు ఆ చక్రం అతనికే ఇవ్వండి. మన సాన, వారి సాణై ఒక్కటే.