చౌక వైద్య మెవరికి చౌక?

మన దేశమున వైద్యము మిక్కిలి చౌక యను మాట యిప్పుడు విద్యావంతుల యిండ్లలో తఱచుగా వినబడుచున్నది. అమెరికానుండి సెలవులకు వచ్చిన బంధువు పంటికి తొడుగు వేయించుకొని, కండ్లజోళ్లు రెండు చేయించుకొని, దేహపరీక్షలన్నియు ముగించుకొని, అచ్చటి ఖర్చులో పదవవంతు కాలేదని సంతోషించును. విన్నవారును సంతోషింతురు. ఆస్పత్రుల ప్రకటనలలో నీ మాటయే పెద్ద యక్షరములతో కనబడును. విదేశములనుండి రోగులు హైదరాబాదునకు వచ్చుచున్నారని గర్వించుట దేశభక్తిలో నొక భాగమైనది. ఈ గర్వము నిరాధారమని మేము చెప్పము. మన వైద్యుల నేర్పును, మన దాదుల యోర్పును లోకము మెచ్చుకొనుచునే యున్నది. కాని యీ పోలికలో నొక పెద్ద దోషము కలదు. అది మన బుద్ధిని మాత్రమే కాక మన కుటుంబములనుగూడ చెఱుచుచున్నది గావున దానిని గూర్చి కొంత వివరముగా వ్రాయ దలంచితిమి.

వస్తువు చౌకయా, ప్రియమా యనుట కేవలము వెలను బట్టి తేలునది కాదు. కొనువాని రాబడిని బట్టి తేలునది. ఒక లెక్క వేసి చూతము. పంటి వేరుకు చికిత్స చేసి తొడుగు వేయుటకు మన పట్టణమున 8,000 రూపాయలగు ననుకొందము. అదే పనికి అమెరికాలో 1,500 డాలర్లగు ననుకొందము. అచ్చట దినమునకు 300 డాలర్లు గడించు ఉద్యోగి అచ్చటనే చేయించుకొన్నచో నైదు దినముల సంపాదన పోవును. ఇచ్చటికి వచ్చి చేయించుకొన్నచో, మన 8,000 రూపాయలు నూఱు డాలర్లకు లోపే గావున, ఒక పూట సంపాదనతో పని ముగియును. ఆతనికిది నిజముగా చౌకయే. ఇక నదే వైద్యుని యొద్దకు, అదే పంటినొప్పితో, దినమునకు 400 రూపాయల కూలి దొరకువాడు వచ్చె ననుకొందము. వానికి ఇరువది దినముల కూలి పోవును. అనగా అమెరికా ఉద్యోగి అమెరికాలో నిచ్చుకొను దానికంటె నాలుగింతల కష్టమును వాడు తన యూరిలోనే యిచ్చుకొనవలయును. కావున వాడు పన్ను బాగు చేయించుకొనడు, పీకించుకొని పోవును. కుర్చీ యొక్కటే, వైద్యు డొక్కడే, వెల యొక్కటే. ఒకని కొక పూట, మఱియొకని కిరువది దినములు. మనకు వైద్యము చౌక యని చెప్పువారు ఆ ‘మనము’ అను మాటలో నెవ్వరిని లెక్కించుచున్నారో యొక్కసారి విచారింపవలయును.

అదియు నట్లుండనిండు. పోల్చుటకు మనము ఎంచుకొనుచున్న దేశ మేది? వైద్యవ్యయమున లోకమంతటిలోను మిక్కిలి దుబారా గల దేశము. 2023వ సంవత్సరమున అమెరికాలో వైద్యమునకైన వ్యయము తలకు 14,570 డాలర్లు. ఆ దేశపు మొత్తము ఉత్పత్తిలో నిది నూటికి 17.6 వంతులు. ఇంత వ్యయించియు నా యేట రెండున్నర కోట్లకు మించిన జనులకు బీమా లేకపోయెను. అట్టి దేశముతో పోల్చుకొని మేము చౌక యని చెప్పుకొనుట గుడ్డికన్న మెల్ల మేలని మురియుటయే. ఊరిలో నందఱికంటె నెక్కువ అప్పులు చేసినవానిని చూపి, నా యప్పు వాని యప్పుకంటె తక్కువ గదా యనువానిని మనము పొదుపరి యని పిలుతుమా?

విదేశములతో పోల్చుకొనుట తప్పని మా యభిప్రాయము కాదు. పోల్చుకొన వలసినదే, కాని రెండు ప్రశ్నలు వేసి పోల్చుకొనవలయును. చికిత్సకు వెల యెంత యనునది మొదటిది. ఆ వెల నెవరు, ఎప్పు డిచ్చుచున్నారు అనునది రెండవది. మన వారు మొదటి ప్రశ్నతోనే నిలిచిపోవుచున్నారు. గృహములు కూలుచున్నది రెండవ ప్రశ్నయొద్ద.

ఇంగ్లండును చూడుడు. రెండవ ప్రపంచయుద్ధమున నలిగి, తిండికి సయితము రేషనుచీట్లు వాడుకొనుచున్న దినములలో, 1948వ సంవత్సరము జూలై 5వ తేదీన ఆ దేశము తన జాతీయ ఆరోగ్యసేవను ప్రారంభించెను. ఆరోగ్యమంత్రి యైన అన్యూరిన్ బెవన్ దానిని నడపించెను. అచ్చట శస్త్రచికిత్సకు వ్యయము కాదని కాదు, చాల నగును. కాని యా వ్యయమును ఆరోగ్యముగా నున్న దినములలో నందఱును పన్నుల రూపమున ముందుగానే యిచ్చియుందురు. రోగము వచ్చిన దినమున వైద్యుడు నాడి చూచునే కాని రోగి సంచి చూడడు.

ఇంగ్లండు ధనిక దేశము, మనకు దానితో పోలిక యేల యని కొంద ఱనవచ్చును. అట్లయిన థాయిలాండును చూడుడు. అది మన ఆసియాలోనిదే. ఇంగ్లండువలె ధనికమైనదియు కాదు. 2002వ సంవత్సరమున నా దేశము, ఉద్యోగులకుండు పథకములలో చేరని సామాన్యజనులకందఱికి, ఒక్కొక్క పర్యాయము 30 బాట్లు మాత్రమే చెల్లించి వైద్యము పొందు పద్ధతిని నెలకొల్పెను. బ్యాంకాకు ఆస్పత్రులకును విదేశీ రోగులు గుంపులుగా పోవుచుందురు. ఆ వర్తకమును థాయిలాండు మానుకొనలేదు. కాని పరాయివారికి పందిరి వేసి, ఇంటివారిని ఎండలో నిలుపలేదు.

ఇచ్చట నొక యాక్షేపణ వచ్చును. ఇంగ్లండులో వైద్యము ఉచితమే కాని వంతు వచ్చుటకు నెలలు పట్టునని అచ్చటి మన బంధువులే మొఱపెట్టుకొనుచున్నారు గదా యని యడుగుదురు. నిజమే. 2023వ సంవత్సరమున అచ్చట చికిత్సకై వేచియున్న పేర్ల సంఖ్య 75 లక్షలు దాటినది. ఈ లోపమును మేము దాచము. కాని యొక మాట. అచ్చట వేచియుండువారి పేర్లు పుస్తకమున కెక్కును. ప్రభుత్వమును ప్రజలు నిలదీయుదురు. పత్రికలు లెక్కలు ప్రకటించును. మన దేశమునను వేచియుండువారు కలరు. మోకాలినొప్పితో పదేండ్లు కుంటువాడు, పొర కమ్మిన కంటితో గోడ పట్టుకొని నడచు ముదుసలి, డబ్బు చేరిన పిమ్మట చూతములే యని యూరకున్నవారు, వీరందఱును వేచియున్నవారే. వీరి పేర్లు ఏ పుస్తకమునను లేవు. లెక్కింపబడని నిరీక్షణను నిరీక్షణయే కాదనుకొనుట న్యాయము కాదు.

ఇక మన లెక్కలను చూతము. ప్రభుత్వమువారి జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారము 2013–14లో మన దేశమున వైద్యమునకైన ప్రతి నూఱు రూపాయలలో 64 రూపాయలు రోగుల యిండ్లనుండియే నేరుగా పోయినవి. 2021–22 నాటికి అది 39 రూపాయలకు దిగినది. ఇది మంచి మార్పే, ఒప్పుకొనవలసినదే. అయినను వైద్యవ్యయమున నూటికి 39 వంతులు రోగి మంచమునొద్ద, ఆ క్షణమున, ఇంటివారే చెల్లించుట సామాన్యభారము కాదు. 2017–18లో జరిగిన జాతీయ నమూనా సర్వేలో, ప్రసవములను విడిచి, ఆస్పత్రిలో నొకసారి చేరినందుకు సగటున నయిన వ్యయము ప్రభుత్వాస్పత్రిలో 4,452 రూపాయలు, ప్రయివేటు ఆస్పత్రిలో 31,845 రూపాయలు అని తేలినది. దినమునకు 400 రూపాయలు గడించువానికి ఈ రెండవ మొత్తము దాదాపు 80 దినముల కష్టార్జితము. ఆ దినములలో వాడు మంచమునం దున్నాడు గావున కూలియు లేదు. ప్రక్కన కూర్చున్న భార్యకును కూలి లేదు. ఈ నష్టము ఏ బిల్లులోను కనబడదు.

ఈ ధన మెచ్చటనుండి వచ్చును? మొదట మెడలోని బంగారము తాకట్టునకు పోవును. పిమ్మట నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి అప్పు పుట్టును. పిమ్మట పొలములో నొక చెక్క పోవును. ఇంతకంటె కనబడని నష్టమొకటి కలదు. ఇంటిలో ధనము చాలనప్పుడు ఎవరి రోగము ముందు, ఎవరి రోగము వెనుక యను ప్రశ్న పుట్టును. సంపాదించువాని జ్వరమునకు వెంటనే వైద్యుడు వచ్చును. గృహిణి తన నొప్పిని కొంచెము నలత యని చెప్పి వంటయింటిలో దాచుకొనును. అత్తగారి కంటిచికిత్స పిల్ల పెండ్లి యైన పిమ్మట చూతమందురు. స్త్రీవిద్యను, స్త్రీల హక్కులను గూర్చి సభలలో మాటలాడు మన మీ సంగతి నేల విస్మరించుచున్నాము? వైద్యమునకు వెల యింటిలోనే చెల్లింపవలసియున్నంత కాలము ఆ యింటిలో బలహీనుల వంతు కడపటనే వచ్చును.

పేదలకు ఆరోగ్యశ్రీ కలదు గదా యని మఱికొందఱు ప్రశ్నింతురు. 2007వ సంవత్సరమున నాటి ఆంధ్రప్రదేశములో ప్రారంభమైన యా పథకము గొప్పదే. గుండెచికిత్స లేక చచ్చిపోవలసిన వారెందఱో దానివలన బ్రతికిరి. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ పథకమును నిట్టిదే. కాని యివి ప్రధానముగా ఆస్పత్రిలో చేరినవారికి, నిర్ణయించిన చికిత్సలకు వర్తించునవి. చక్కెరవ్యాధికి, రక్తపుపోటునకు నెలనెల కొనవలసిన మాత్రలు, వైద్యుని రుసుము, రక్తపరీక్షలు, ఇవి యింటి సంచినుండియే పోవుచున్నవి. మాత్ర కొనలేక మానినవాడు పక్షవాతముతో వచ్చినప్పుడు లక్షలు వ్యయించుట, చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట వంటిది. అదియుగాక, బకాయిలు చెల్లింపలేదని 2025వ సంవత్సరమున రెండు తెలుగు రాష్ట్రములందును ఆస్పత్రులు ఈ పథకపు సేవలను నిలిపిన సందర్భములు కలవు. కార్డు చేత నున్నను తలుపు మూయబడిన దినమున పేదవాడు మరల వడ్డీవ్యాపారి గుమ్మము నెక్కవలసినదే.

వెల తగ్గించినచో వైద్యము నాసిరక మగును, మంచి యంత్రములు రావు, వైద్యులు దేశము విడిచిపోదురు అను వాదమును కలదు. వైద్యుడు తన శ్రమకు తగిన ప్రతిఫలము పొందవలయు ననుటలో మాకు సందేహము లేదు. కాని బిల్లులో పెద్ద భాగము ఆతని శ్రమకేనా? ఔషధధరల నిర్ణయాధికార సంస్థవారు 2018లో దిల్లీ పరిసరములందలి నాలుగు పెద్ద ఆస్పత్రుల బిల్లులను పరిశీలించిరి. మందులు, సూదులు, పరీక్షలు కలిపి బిల్లులో దాదాపు సగము; కొన్ని సామగ్రులపై లాభము కొన్న ధరకు నూటికి 1,700 వంతులు దాటినది. ఇది నేర్పునకు కూలి కాదు. నిస్సహాయతకు విధించిన సుంకము. అంతకు ముందటి సంవత్సరము, అనగా 2017 ఫిబ్రవరిలో, గుండె నాళములలో నమర్చు మందుపూత స్టెంటునకు ఆ సంస్థయే 29,600 రూపాయల పరిమితి విధించెను. అంతవఱకు దానిని లక్షకు పైగా అమ్ముచుండిరి. పరిమితి పెట్టిన పిమ్మట గుండెచికిత్స దేశమున నిలిచిపోలేదు.

మన హైదరాబాదు నగరమునకు సంబంధించిన యుదాహరణమే యొకటి కలదు. మూత్రపిండముల క్యాన్సరునకును, కాలేయపు క్యాన్సరునకును వాడు సొరాఫెనిబ్ అను మందును బేయర్ కంపెనీవారు మన దేశమున నెలకు దాదాపు 2,80,000 రూపాయలకు అమ్ముచుండిరి. 2012వ సంవత్సరము మార్చిలో పేటెంటు అధికారి, ఆ వెల జనసామాన్యమునకు అందునది కాదని నిర్ణయించి, హైదరాబాదులోని నాట్కో కంపెనీకి దానిని చేయుట కనుమతి యిచ్చెను. నెలకు 8,880 రూపాయలకు మించరాదని నియమము. పై న్యాయస్థానములలోను ఆ నిర్ణయము నిలిచినది. మన దేశమున వైద్యము చౌక యగుటకు నిజమైన కారణములు ఇట్టివి: చట్టము, ధైర్యముగల యధికారి, నేర్పుగల తయారీదారు. చౌక యనునది మన గాలిలో నున్న గుణము కాదు; సాధించుకొనిన ఫలము. సాధించుట మానినచో పోవునది కూడ.

సేవాభావముతో నడచు సంస్థలును ఈ విషయమునే నిరూపించినవి. డాక్టరు వెంకటస్వామి 1976లో మధురలో స్థాపించిన అరవింద నేత్రవైద్యశాల, డబ్బు చెల్లింపగలవారి రాబడితోనే చెల్లింపలేనివారికి చికిత్స చేయుచు పెరిగినది. కంటిలో నమర్చు కటకములను 1992నుండి తామే చేయించి విదేశీ కటకముల వెలలో చిన్న భాగమునకే అందించిరి. హైదరాబాదులో డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థయును పేదలకు ఉచితముగా, ధనికులకు చేయు చికిత్సనే చేయుచున్నది. తక్కువ వెల యున్నచోట నాసిరకమే యుండునని వాదించువారు ఈ రెంటిని చూచి రావలయును.

ఇది క్రొత్తగా కనిపెట్టవలసిన మార్గము కాదు. 1943లో నియమింపబడిన భోర్ సంఘము 1946లో తన నివేదిక నిచ్చుచు, ధనము చెల్లింపలేని కారణమున ఎవ్వరికిని తగిన వైద్యము అందకపోరాదని మొట్టమొదటి సూత్రముగా చెప్పెను. ఇంగ్లండులో ఆరోగ్యసేవ ప్రారంభమగుటకు రెండేండ్లు ముందే మన చేత నీ మాట యున్నది. తమిళనాడు 1994లో మందుల కొనుగోలునకై ప్రత్యేక సంస్థను స్థాపించి, టోకుగా కొని, ప్రభుత్వాస్పత్రులలో మందులు ఉచితముగా అందునట్లు చేసినది. 2017 నాటి జాతీయ ఆరోగ్య విధానము, 2025 నాటికి ప్రభుత్వ వైద్యవ్యయము దేశపు ఉత్పత్తిలో నూటికి రెండున్నర వంతులు కావలె ననెను. 2021–22లో అది 1.84 వంతులు మాత్రమే. మార్గము తెలిసియు నడువని వానికి దారి చూపినందున ఫలమేమి?

చదువరులారా! మనము చేయదగిన పనులు కొన్ని కలవు. 2012 నాటి కేంద్ర వైద్యసంస్థల నిబంధనలు చికిత్సల రేట్లను స్థానిక భాషలోను, ఇంగ్లీషులోను రోగులకు కనబడునట్లు ప్రదర్శింపవలె నని చెప్పుచున్నవి. ఆస్పత్రిలో నడుగు పెట్టగానే ఆ పట్టిక యెక్కడ యని అడుగుడు. చికిత్సకు ముందు అంచనా వ్రాసి యిమ్మని కోరుడు. కంపెనీ పేరుతో గాక మందు పేరుతో చీటి వ్రాయుమని వైద్యుని మర్యాదగా నడుగుడు. చదువుకొన్నవారు సిగ్గుపడి యడుగనిచో చదువు రానివా డెట్లు అడుగగలడు? వోటు కోరి వచ్చినవానిని, మా యూరి ప్రభుత్వాస్పత్రిలో చక్కెరమాత్ర లెన్ని నెలలు లేవో తెలియునా యని ప్రశ్నింపుడు. మన మా యాస్పత్రుల గుమ్మము త్రొక్కుట మానినందుననే వాని దుస్థితిని పట్టించుకొను గొంతు లేకపోయినది.

విదేశమునుండి వచ్చిన బంధువు చౌకగా చికిత్స పొందినచో సంతోషింతము. అందులో తప్పు లేదు. కాని దానిని దేశపు గొప్పగా చెప్పుకొనుటకు ముందు, మన యింట పనిచేయు పనిమనిషి, మన పొలము దున్ను పాలేరు అదే చికిత్సను అప్పు లేకుండ పొందగలరా యని యడిగి తెలిసికొందము. వారు పొందగలిగిన నాడు మన దేశమున వైద్యము చౌక యని మేమును ఈ పత్రికలోనే సంతోషముతో వ్రాయుదుము.