నాలుగు మొలిస్తే తొమ్మిదని రాయాలా?

మొన్నామధ్య ఒక సాయంత్రం మా అమ్మాయి సైన్స్ రికార్డు ముందేసుకుని బిక్కమొహంతో కూర్చుంది. తొమ్మిదో తరగతి. ఏమైందే అంటే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పది పెసలు తడి దూదిలో వేసి బాల్కనీలో పెట్టి, రోజూ నీళ్ళు చల్లింది. నాలుగే మొలిచాయి. "పరిశీలన" అన్నచోట నాలుగు అని రాసింది. మేడమ్ ఎర్ర సిరాతో కొట్టేసి, గైడులో ఉన్నట్టు తొమ్మిది అని రాసుకు రమ్మన్నారట.

"నాలుగే కదమ్మా మొలిచాయి?" అంది.

సిగ్గు విడిచి చెప్తున్నాను, నేనన్న మాట ఇది: "పోనీలే తల్లీ, మార్కులు పోతాయి. మేడమ్ చెప్పినట్టే రాసెయ్."

రాసేసింది. పదికి పది వచ్చాయి. అప్పట్నుంచీ నాకు మనసు మనసులో లేదు. బిస్కెట్లు ఎవరు తిన్నారంటే అబద్ధమాడిందని చిన్నప్పుడు చెవి మెలేసినదాన్ని, ఈరోజు అబద్ధం రాయమని నేనే చెప్పాను. అదీ సైన్స్ పుస్తకంలో!

అసలు పాఠం ఆ మొలవని ఆరు గింజల్లోనే ఉంది. ఎందుకు మొలవలేదు? పెసలు పాతవా? బాల్కనీలో ఎండ ఎక్కువైందా? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుంటే నీరు, గాలి, వేడి, గింజ లోపల జరిగే పని అన్నీ వాటంతటవే వస్తాయి. ఆ ప్రశ్ననే ఎర్ర సిరాతో కొట్టేశారు.

ఆదివారం మేమిద్దరం మళ్ళీ చేశాం. అదే డబ్బాలో పెసలు, ఇరవై వంటింటి గూట్లో, ఇరవై బాల్కనీలో. లోపల పద్దెనిమిది మొలిచాయి, బయట ఏడు. "అయితే గింజల తప్పు కాదన్నమాట" అంది. ఒక్క క్షణం ఆగి, "ఎండ వల్లా, దూది ఆరిపోవడం వల్లా?" అని అడిగింది. ఆ ప్రశ్న ఏ గైడులోనూ లేదు. ఎండలు ముదిరితే పొలంలో విత్తనం ఏమవుతుందని ఆలోచించే రైతు ప్రశ్న అది.

చుట్టూ కాలం మారిపోతోంది, పిల్లలు మాత్రం తలొంచుకుని బొమ్మలకి పేర్లు పెడుతున్నారు. 2021 చివర్లో మన రెండు రాష్ట్రాల్లోనూ వేపచెట్లు కొమ్మల చివర్ల నుంచి ఎండిపోవడం గుర్తుందా? పచ్చటి చెట్లు నిప్పంటుకున్నట్టు గోధుమ రంగుకి తిరిగాయి. ఉగాది పచ్చడికి పువ్వెలాగని మా అత్తయ్యగారు బెంగపెట్టుకున్నారు. అది ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం పని అని శాస్త్రవేత్తలు తేల్చారు. మా కాలనీ పిల్లలు ఆ చెట్ల కిందనుంచే బడికెళ్ళి, శిలీంధ్రాల పాఠంలో రొట్టె మీది బూజు బొమ్మ గీసుకుని వచ్చారు. తలెత్తి చూడమని ఒక్కరూ చెప్పలేదు.

ఇదేమీ కుదరని పని కాదు. సీజన్‌వాచ్ అనే కార్యక్రమంలో కేరళ బడిపిల్లలు ఏళ్ళుగా తలా ఒక చెట్టుని ఎంచుకుని, వారానికోసారి చిగురు, పువ్వు, కాయ ఎంతవరకు వచ్చాయో రాస్తున్నారు. విషు పండక్కి పూయాల్సిన కొన్నపూలు, అంటే మన రేలపూలు, ముందే పూస్తున్నాయా లేదా అన్నది ఇలాంటి లెక్కల వల్లే తెలుస్తుంది. జపాన్‌లోని క్యోటోలో 2021లో చెర్రీపూలు మార్చి 26కే నిండుగా విచ్చుకున్నాయి. పన్నెండు వందల ఏళ్ళలో అంత ముందుగా పూయలేదని అంత ధీమాగా ఎలా చెప్పారు? ఏనాటి నుంచో అక్కడి ఆస్థానంలోవాళ్ళు, సన్యాసులు పూలపండగ ఎప్పుడు జరిగిందో తమ డైరీల్లో రాసుకున్నారు గనక. వాళ్ళెవరూ సైంటిస్టులు కారు. చూసింది చూసినట్టు రాశారు, అంతే. వాళ్ళూ గైడు చూసి రాసుంటే ఈరోజు ఎవరికీ ఏమీ తెలిసేది కాదు.

"ఇవన్నీ చేస్తూ కూర్చుంటే నీట్ సీటు ఎలా వస్తుంది?" అంటారు, మావారితో సహా. నిజమే, బిట్లు చదవాలి, కాదనను. కానీ లేని అంకె రాయడం పద్నాలుగేళ్ళకే అలవాటైన పిల్ల రేపు డాక్టరై, కేస్ షీట్లో చూడని బీపీ రాయదని నమ్మకమేంటి? ఆ చేతికి మన ప్రాణం అప్పగించాలి కదా.

మేడమ్‌ని ఆడిపోసుకోవడం నా ఉద్దేశం కాదు. నలభై అయిదు మంది పిల్లలు, తరగని సిలబస్, పైనుంచి ఒత్తిడి. ఆవిడా మనలాగే ఇంటికెళ్ళి వంట చేసుకోవాలి. మరి మన సంగతేంటి? స్టేషనరీ షాపులో థర్మాకోల్ ప్రాజెక్టు కొని, రాత్రి పదింటికి గమ్ము అంటించేది మనమే. పేరు పిల్లది, డబ్బు మనది, నేర్చుకున్నది ఎవరూ లేరు.

అందుకే వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల గురించి కాకుండా రెండు విషయాలు అడగబోతున్నాను. ఒకటి, క్లాసుకి ఒక్క చెట్టైనా ఇవ్వండి, ఏడాదంతా పిల్లలే చూసి రాస్తారు, తర్వాతి క్లాసు కొనసాగిస్తుంది. రెండు, పిల్ల తను చూసిన అంకె రాస్తే, అది గైడుతో కలవకపోయినా మార్కులివ్వండి. మీరూ అడగండి. ఒక్కదాన్ని అడిగితే గయ్యాళి అంటారు, పదిమందిమి అడిగితే ఆలోచిస్తారు.

ఈలోగా ఇంట్లో ఆగక్కర్లేదు. గ్యాస్ బండ ఎప్పుడొచ్చింది, పాలవాడు ఎన్నిరోజులు రాలేదు, అన్నీ గోడ క్యాలెండర్ మీద రాసుకునేవాళ్ళమే కదా మనం. మా క్యాలెండర్ మీద ఇప్పుడు మా అమ్మాయి రాత కూడా ఉంది: "గేటు దగ్గర వేప, కొత్త చిగురు."

రికార్డులో ఆ తొమ్మిది మాత్రం అలాగే ఉంది. దాని పక్కన పెన్సిల్‌తో చిన్నగా "నిజానికి 4" అని రాసుకుంది. నేను చూశాను. చెరపమనలేదు.