చట్టం తెరిచిన తలుపుకు సర్కారు తాళం

విద్యారంగంలో కాపీరైట్ గురించి జరిగే చర్చ చాలావరకు ఉపాధ్యాయుణ్ణి భయపెట్టడంతో మొదలై, మరింత భయపెట్టడంతో ముగుస్తోంది. అనుమతి లేకుండా పుటలు జిరాక్సు తీయరాదని, పుస్తకంలోని బొమ్మను పాఠంలో చూపరాదని, అంతర్జాలంలో కనిపించిందల్లా ఉచితం కాదని బోధిస్తున్నారు. మూడో మాట నిజమే కానీ, మొదటి రెండూ చట్టాన్ని సగమే చదివినవారి మాటలు. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ ఏయే పనులు ఉల్లంఘన కిందికి రావో వివరిస్తుంది. బోధనలో భాగంగా ఉపాధ్యాయుడు గానీ విద్యార్థి గానీ ఒక కృతికి ప్రతులు తీయడం, దాన్ని ప్రశ్నపత్రంలో, జవాబుపత్రంలో వాడుకోవడం అందులో స్పష్టంగా ఉన్నాయి.

ఈ మినహాయింపు ఎంత విశాలమైనదో న్యాయస్థానం తేల్చి చెప్పి ఏళ్లు గడిచాయి. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలోని రామేశ్వరి ఫొటోకాపీ సర్వీసెస్ అనే చిన్న దుకాణం, అధ్యాపకులు సూచించిన అధ్యాయాలను వేర్వేరు పుస్తకాల నుంచి జిరాక్సు తీసి, సంపుటాలుగా కుట్టి విద్యార్థులకు అమ్మేది. దానిమీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ ప్రచురణ సంస్థలు, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ కలిసి 2012లో దావా వేశాయి. 2016 సెప్టెంబర్‌లో ఢిల్లీ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం దావాను కొట్టివేసింది. ఆ ఏడాది డిసెంబర్‌లో ద్విసభ్య ధర్మాసనం కొన్ని వాస్తవాంశాలపై విచారణ మిగిలి ఉందంటూనే, ఎన్ని పుటలు తీశారన్నది కాదు, బోధనకు అవి అవసరమా కాదా అన్నదే కొలమానమని చెప్పింది. 2017 మార్చిలో ప్రచురణకర్తలు దావాను ఉపసంహరించుకోగా, మరో సంస్థ చేసుకున్న అప్పీలును స్వీకరించేందుకు సుప్రీంకోర్టు అదే ఏడాది మే నెలలో నిరాకరించింది. పది శాతం దాటి జిరాక్సు తీయరాదని ఇప్పటికీ చెప్పేవారు 2016 తీర్పును చదవలేదనే అనుకోవాలి, ఎందుకంటే అలాంటి శాతమేదీ ఆ మినహాయింపులోనూ లేదు, తీర్పులోనూ లేదు.

రచయితల, ప్రచురణకర్తల జీవనోపాధి మాటేమిటన్న ప్రశ్న న్యాయమైనదే. అయితే పాఠం కోసం తీసిన ప్రతి, పుస్తకాన్ని బజారులో దొంగచాటుగా అచ్చువేయడంతో సమానం కాదు. 2016 తీర్పుకు ఆధారం కూడా ఈ తేడాయే.

అసలు చిక్కు తరగతి గది గడప దాటాక వస్తుంది. అదే పాఠాన్ని యూట్యూబ్‌లో అందరికీ అందుబాటులో ఉంచే ఉపాధ్యాయుడు 52వ సెక్షన్‌ను అంత ధీమాగా ఆశ్రయించలేడు కనుక, హక్కుల గడువు తీరిన కృతులనో, వాడుకోవడానికి ముందే అనుమతి ఇచ్చిన కృతులనో వెతుక్కోవాలి. మన దేశంలో రచయిత మరణించిన ఏడాది గడిచాక మరో అరవై ఏళ్ల వరకు హక్కు ఉంటుంది. 1953లో మరణించిన సురవరం ప్రతాపరెడ్డి రచనలు ఆ లెక్కన 2014 నుంచి అందరివీ అయ్యాయి. సినిమాల లెక్క ఇంత సులువు కాదు. 1957 నాటి మాయాబజార్ చిత్రంపై హక్కు 2017తో తీరిపోయినా, దానికి మాటలూ పాటలూ రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో మరణించినందున ఆ సాహిత్యంపై హక్కు 2031 చివరి దాకా నిలిచే ఉంటుంది. ఇన్ని లెక్కలు వేసే తీరిక లేని ఉపాధ్యాయుడికి మిగిలేది క్రియేటివ్ కామన్స్, అంటే కర్త తన షరతులను ముందే ప్రకటించి ఇచ్చే బహిరంగ లైసెన్సు. అందులోనూ మార్పులు నిషేధించే రకం తెలుగువారికి పెద్దగా పనికిరాదు, ఎందుకంటే ఆ పాఠాన్ని తెలుగులోకి అనువదించి పంచుకోవడానికి అది ఒప్పుకోదు.

ఇంత వెతుకులాటకు కారణం తెలుగులో స్వేచ్ఛగా వాడుకోదగిన బొమ్మలు, పటాలు, పాఠాలు తక్కువగా ఉండటమే. నిజానికి ఆ సంపద ఉంది, ప్రభుత్వం చేతిలోనే ఉంది. ప్రజాధనంతో తయారై, పిల్లలకు ఉచితంగా పంచిన తెలుగు పాఠ్యపుస్తకాల ముద్రణ వివరాల పుటను తిరగేస్తే, సర్వహక్కులూ సర్కారువేనని, ముందస్తు రాతపూర్వక అనుమతి లేనిదే ఏ భాగాన్నీ ఏ రూపంలోనూ తిరిగి వాడరాదని కనిపిస్తుంది. ప్రభుత్వ కృతులపై హక్కు ప్రచురణ తరువాత అరవై ఏళ్లు కనుక, 2014లో అచ్చయిన సైన్సు పుస్తకంలోని గుండె బొమ్మను గ్రామీణ ఉపాధ్యాయుడు తన వీడియోలో నిర్భయంగా వాడాలంటే 2074 ముగిసేదాకా ఆగాలి. జాతీయ స్థాయిలో 2013లో ప్రారంభించిన బహిరంగ విద్యా వనరుల భాండాగారానికి క్రియేటివ్ కామన్స్ లైసెన్సును ఎంచుకోగలిగినప్పుడు, రాష్ట్రాలు ఎంచుకోలేకపోవడానికి న్యాయపరమైన అడ్డంకి ఏదీ లేదు. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. ముద్రణ వివరాల పుటలో ఒక్క వాక్యం మారిస్తే చాలు. విదేశీ ప్రచురణ సంస్థల పుస్తకాల నుంచే పాఠం కోసం ప్రతులు తీసుకోవచ్చని 2016 తీర్పు చెప్పాక కూడా, తమ సొంత పుస్తకాలను తమ సొంత ఉపాధ్యాయులకే తాళం వేసి ఉంచిన పాఠశాల విద్యాశాఖలు కాపీరైట్‌పై అవగాహన సదస్సులు పెట్టే ముందు ఆ వాక్యాన్ని మార్చాలి.